షెలోమీతు పెట్టె

ఆ గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపుకీ జవాను అడ్డంగా నిలబడ్డాడు. పొద్దున తొమ్మిదింటికి సలీబా ముసలాయన్ని లోపల కూర్చోబెట్టారు. పక్కన భార్య నిజ్మే. ఎదురుగా బల్ల మీద రాతి పెట్టె.

పెద్దదేం కాదు, మూరన్నర ఉంటుంది. వెనకటి రోజుల్లో యెరూషలేము చుట్టుపక్కల, పోయినవాళ్ళ ఎముకలను ఏడాది తర్వాత ఏరి ఇలాంటి పెట్టెల్లోనే భద్రపరిచేవారు. అలాంటివి ఎన్నో దొరికాయి. కానీ దీని మీద ఒక ముక్క చెక్కి ఉంది: "షెలోమీతు, మార్త కూతురు. లేచినవాణ్ణి చూసింది."

ఆ ఒక్క ముక్కకే లోకమంతా గోలెత్తిపోయింది.

నాలుగు నెలల కిందట బేత్లెహేములో సలీబా కొట్టుకి ఆలివ్ చెక్క ఒంటెబొమ్మ కొనడానికి ఓ యాత్రికుడు వచ్చాడు. మూల ఆరబెట్టి ఉన్న పెట్టెను చూసి ఫోటో తీసుకున్నాడు. మర్నాటికి పత్రికలకెక్కింది. యేసు సమాధిలోంచి లేచాడనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని కొందరు, ఒట్టి బూటకమని కొందరు. అధికారులు పెట్టె పట్టుకుపోయారు. సలీబా గుర్తింపు కార్డు కూడా లాక్కున్నారు. కార్డు లేక అప్పటినుంచి ఆయన ఊరి పొలిమేర దాటలేకపోయాడు.

"ఆఖరిసారి అడుగుతున్నా పెద్దాయనా," అన్నాడు విచారణ అధికారి. "నిజమైనదైతే దొరికిన చోటు చూపించు. రేపే తవ్వకం మొదలెడతాం. దాచావో, జైలే."

"దొరకలేదయ్యా. నేనే చెక్కాను."

ఊరి పాదిరి బిషారా కుర్చీలోంచి లేచాడు. "బుద్ధుందా సలీబా? రుజువేదీ, రుజువేదీ అని వెక్కిరించేవాళ్ళ నోళ్ళు మూయించే రాయయ్యా ఇది! నిజం చెప్పు. దొరికిన చోట పెద్ద గుడి కట్టిద్దాం. దేశదేశాల జనం వస్తారు."

"మనూళ్ళో గుళ్ళకేం కరువు ఫాదర్! యేసు లేచిన పాస్కా పండగ నాడు ఏ గంట ఎవరిదో దేవుడికే తెలీదు."

"హాస్యమా? దేవుడి పేరు మీద దొంగరాత రాసినవాడికి ఈ పాస్కాకి నా చేత్తో సత్ప్రసాదం ఇవ్వను."

సలీబా మొహం పాలిపోయింది. అరవై ఏళ్ళలో ఒక్క పాస్కా కూడా ఆయన ఆ ప్రసాదం లేకుండా గడపలేదు. అయినా మాట మార్చలేదు.

రాళ్ళ రాతలు చదివే డాక్టర్ ఇంగ్రిడ్ భూతద్దం పక్కన పెట్టింది. పాపం, ఆమెకీ ఆ రాత నిజమవ్వాలనే ఉంది.

"రాయి పాతదే. కానీ అక్షరాల సందుల్లో ఆలివ్ నూనె ఉంది, కొవ్వొత్తి మైనం ఉంది. మైనం ఈమధ్యదే. ఎలా వచ్చింది?"

"పాతదానిలా కనపడాలని నేనే రుద్దానమ్మా."

"ఈ పాత అక్షరాలు ఎవరు నేర్పారు?"

"మా నాన్న. అయిదేళ్ళప్పుడు చెయ్యి పట్టుకు దిద్దించాడు."

"ఆయనకి?"

"వాళ్ళ నాన్న."

అధికారి పగలబడి నవ్వాడు. "వంశం వంశమంతా దొంగ సంతకాల బాపతేనన్నమాట!"

తలుపు దగ్గర జవానూ నవ్వాడు. నిజ్మే కొంగుతో మొహం తుడుచుకుంది. "నవ్వుకోండి నాయనా. మీకూ పొద్దుపోవాలిగా."

ఇంగ్రిడ్ నవ్వలేదు. ఒక కొత్త రాతి పలక, ఉలి, సుత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చెక్కండి. పెట్టె వైపు చూడకూడదు. గీత తేడా వచ్చినా మీరు అబద్ధం చెప్పినట్టే. అప్పుడు మీ కొట్టూ ఇల్లూ పునాదిదాకా తవ్వాల్సిందే."

ఆ మాటకి నిజ్మే వేళ్ళ మధ్య జపమాల ఆగిపోయింది.

సలీబా ఒకసారి కళ్ళు మూసి తెరిచి ఉలి పట్టాడు. టక్, టక్ మని సుత్తి మోగుతూనే ఉంది. గంట గడిచింది. చెమట పలక మీద పడితే చేత్తోనే తుడిచాడు. చివరి అక్షరం తోకను ఎడమకి కాస్త వంకర తిప్పి, ఉలి కింద పెట్టాడు.

ఇంగ్రిడ్ రెంటినీ పక్కపక్కన పెట్టి మూడుసార్లు చూసింది. వంకరతో సహా అంతా ఒక్కటే.

"అదే చెయ్యి," అంది. "నకిలీ."

పాదిరి ఆయన వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఇక రేపటినుంచి సలీబా కొట్టుకి ఏ యాత్రికుణ్ణీ ఎవరూ తీసుకురారు. గుడిలో పక్క బెంచీ వాళ్ళు కూడా జరిగి కూర్చుంటారు. అవన్నీ తెలిసినట్టే ఆయన తల వంచుకున్నాడు.

"ఎవరికీ అమ్మలేదు కాబట్టి బతికిపోయావ్," అన్నాడు అధికారి కార్డు విసిరేస్తూ. "ఈ చెత్త మాకెందుకు? పట్టుకుపో."

"లేవయ్యా, తొందరగా పోదాం," నిజ్మే భర్త చెయ్యి పట్టుకుని లేపింది. "ఇంటి దగ్గర పెద్దావిడ ఒక్కతే ఉంది."

"ఎవరూ, మీ అత్తగారా?" అన్నాడు అధికారి.

"వాళ్ళ వైపు మనిషే," అందామె.

ఇల్లు చేరి తలుపు గడియ పెట్టాక, వంటింట్లో పిండి డబ్బా జరిపి, కింద బండ ఎత్తి, సలీబా పదకొండు మెట్లు దిగి, అప్పట్లో చెమ్మెక్కిందని ఆరబెట్టడానికి పైకి తెచ్చిన పెట్టెను దాని పాత చోటే దించాడు. నిజ్మే తన పెళ్ళి శాలువా మూట విప్పి, నాలుగు నెలలుగా అందులో దాచిన షెలోమీతమ్మ ఎముకలను ఒక్కొక్కటే పెట్టెలో సర్ది, ఆ ఇంటి కోడళ్ళందరూ ఏటా చేస్తూ వచ్చినట్టే, ఆ ఇంటి కొడుకులు తరతరాలుగా వేలితో దిద్ది నేర్చుకున్న అక్షరాలకు నూనె రాసి కొవ్వొత్తి వెలిగించింది.