ఆరోగ్యం రొట్టె

“ఆరోగ్యం రొట్టె! ఆరోగ్యం రొట్టె ఎవురి దగ్గరుందమ్మా?”

మోకాలి లోతు నీళ్లలో నిలబడి రేవతి అరుస్తూనే ఉంది. తలమీది కొంగు జారి నీళ్లలో నానుతున్నా చూసుకోవడం లేదు. నెల్లూరులో రొట్టెల పండగ. దర్గా ముందు స్వర్ణాల చెరువు నిండా జనం. పోయినేడు కోరుకున్నది జరిగినవాళ్లు రొట్టె తెచ్చి వదులుతారు. కొత్తగా కోరిక ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుని తింటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, విదేశాల రొట్టె చేతులు మారుతున్నాయి. ఆరోగ్యం రొట్టె అడిగేవాళ్లే తప్ప ఇచ్చేవాళ్లు కనిపించడం లేదు.

ఆమె భర్త పెంచల్ మెట్ల మీదే ఆగిపోయాడు. బుచ్చిరెడ్డిపాలెంలో వరికోత మిషను నడుపుతాడతను.

“ఇంక చాలు, రా రేవతీ. వచ్చిందగ్గర్నుంచీ అడగతానే ఉండావు. ఎవురూ ఇయ్యలేదంటే ఏంది అర్థం? ఎవురికీ నయం కాలేదని.”

“అట్టనబాక. జనం ఇంకా వస్తానే ఉండారు.”

“పోయినేడు పట్టుకున్నాం గదా. ఏమైంది? ఉగాదికల్లా జబ్బు తిరగబెట్టె.”

“పోయినేడు నువ్వు తినలా. సగం తుంచి నీ చేతిలో పెడితే కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నావు. తల్లీ తండ్రీ ఇద్దరూ తినాల.”

ఏడాదిగా రేవతిది ఇదే వరస. కూతురు లేచి నాలుగు మెతుకులు తింటే అది రొట్టె మహిమ. మళ్లీ పడకేస్తే తమ వల్ల జరిగిన తప్పు. రొట్టె వైపు తప్పు మాత్రం ఒక్కనాడూ లేదు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు వాణికి రక్తంలో జబ్బు. ఆస్పత్రిలో పాప దగ్గర రేవతి తల్లి ప్రమీలమ్మను ఉంచి వచ్చారు. పొద్దున డాక్టరు ఇద్దర్నీ గది బయటికి పిలిచి, ఇక్కడ చేయగలిగింది అయిపోయిందన్నాడు. మద్రాసులో ఇంకో వైద్యం ఉంది, పిల్ల తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు. ఇంటికి తీసుకుపోతే నొప్పి తెలియకుండా మందులిస్తానన్నాడు. ఏ సంగతో సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

పెంచల్ ఇంటికే అన్నాడు. సూది కనిపిస్తే చాలు, గోడవైపు తిరిగి పిడికిళ్లు బిగించుకునే పిల్లను చూసి చూసి అతని గుండె చెదిరిపోయింది. రేవతి మద్రాసే అంది. ఎంతకీ తెగలేదు. చివరికి ఆమే ఒక మాట అనేసింది. రొట్టె దొరికితే మద్రాసు, దొరక్కపోతే ఇల్లు.

పెంచల్ చెప్పులతోనే నీళ్లలోకి దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“దొరకలేదు. నువ్వన్న మాటే గదా. పోదాం రా, బిడ్డ నిన్ను అడగతా ఉంటాది.”

“ఇంకొంచేపు ఉందాం.”

“ఎంతసేపున్నా ఇంతే.”

“ఇంకొంచేపే! నీ కాళ్లు పట్టుకుంటా.”

ఆమె నిజంగానే వంగింది. లేపబోయి, లేపలేక, పెంచల్ కూడా నీళ్లలో కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు జరిగి చోటిచ్చారు.

“నీకు ఏం రొట్టె కావాల బిడ్డా?”

రేవతి తలెత్తింది. ఎదురుగా ఒక పెద్దామె. వెంకటశేషమ్మ అని, మైపాడు నుంచి వచ్చానని చెప్పింది. చేతిలో తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె ఉంది.

“ఆరోగ్యం. మా పాపకి.”

“అయితే పట్టుకో. ఇది ఆరోగ్యం రొట్టే.”

రేవతి రెండు చేతులూ చాచింది. పెంచల్ అడ్డం వచ్చాడు.

“పోయినేడు ఎవురి కోసం పట్టుకున్నావు పెద్దమ్మా?”

“మా మనవడి కోసం నాయనా.”

“ఏం జబ్బు?”

“రక్తంలో అన్నారు. ఊరూరికే జొరం వచ్చేది. ఒళ్లంతా నల్లటి మచ్చలు. నిద్దట్లో ముక్కులో నుంచి రక్తం కారేది.”

పెంచల్ గొంతు తగ్గింది. “డాక్టర్లు ఏమన్నారు?”

“మా చేతిలో ఏం లేదన్నారు.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు ఏ బాధా లేదు నాయనా. సూది లేదు, మందు లేదు, ఏడుపన్నదే లేదు.”

“బయట తిరగతా ఉండాడా అమ్మా?” అని రేవతి ఆత్రంగా అడిగింది.

“ఎప్పుడూ ఆ సముద్రం ఒడ్డునే. ఎంత పిలిచినా ఇంటికి రాడు.”

రేవతి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసి రొట్టె అందుకుంది.

ఏ ఆస్పత్రి, ఏం మందు, ఎవరు చూశారు అని పెంచల్ అడగాలనుకున్నాడు. మాటలు నోటిదాకా వచ్చాయి. అడిగితే ఎక్కడో ఒక తేడా బయటపడుతుందేమోనని భయం వేసింది. అడగలేదు. రేవతి చేతిలోని రొట్టె తుంచి ముందు తనే నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. మిగిలింది రేవతి తిన్నది.

“డాక్టరుకి చెప్పి ఇప్పుడే మద్రాసు బయల్దేరదాం,” అన్నాడు.

రేవతి వంగి పెద్దామె కాళ్లకు దండం పెట్టింది.

“వచ్చే ఏడు మేమూ వచ్చి రొట్టె వదులుతాం అమ్మా. పాపను కూడా తీసుకొస్తాం.”

“తీసుకురాండి తల్లీ.”

ఇద్దరూ మెట్లెక్కి పరుగులాంటి నడకతో జనంలో కలిసిపోయారు. వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసి వెంకటశేషమ్మ ఒడ్డుకు వచ్చింది. ఆమె భర్త గంగులయ్య చెయ్యి అందించి పైకి లాగాడు.

“వాడి పేరున దర్గాలో పెట్టేసి పోదామని గదా తెచ్చింది. ఎవురికిచ్చేసినావు?”

“ఒక బిడ్డ నీళ్లలో పడి ఏడస్తా ఉండింది. పోయినేడు నేనూ అట్టనే ఏడిసినా గదా.”

“ఏం చెప్పినావు?”

“ఉన్నదే చెప్పినా.”

గంగులయ్య తువ్వాలు తీసి ముందు ఆమె కళ్లు తుడిచాడు, తర్వాత తనవి తుడుచుకున్నాడు.

మనవణ్ణి సముద్రం ఒడ్డున మట్టి చేసి ఇంకా నెల తిరగలేదు.