పొద్దున్నే లెమన్ డ్రాప్

ఆదివారం పొద్దున్నే మర్యాదస్తులు కాఫీ తాగుతారు. ఎదుటి వాటాలో బార్టెండర్ మాత్రం వోడ్కా సీసా ముందేసుకున్నాడు.

రెండు వంటిళ్ళ కిటికీల మధ్య ఉన్నది చీపురుకట్ట పట్టేంత సందు. ఇటు కిటికీ దగ్గర, ఈమధ్యే ఈ వాటాలోకి దిగిన రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ నిలబడి కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతోంది. పరాయి ఇళ్ళలోకి తొంగిచూసే అలవాటు ఆవిడకి బొత్తిగా లేదు. కిటికీని అక్కడ పెట్టినవాడిదే తప్పు.

"మొదలైందండీ," అంది భర్తతో.

"ఏమిటి?" అన్నాడాయన పేపరు దించకుండా.

"తీర్థం పుచ్చుకునే కార్యక్రమం."

బార్టెండర్ చరిత్రంతా ఆవిడ దిగిన వారంలోనే సేకరించింది. ఏదో పెద్ద హోటల్ బార్‌లో పని. లెమన్ డ్రాప్ అనే కాక్‌టెయిల్ కలపడంలో అతన్ని మించినవాడు లేడట. ఒకరోజు కౌంటర్ వెనకే కుప్పకూలిపోతే వెయిటర్లు చెరో రెక్కా పట్టుకుని మోసుకెళ్ళారట. అప్పట్నుంచీ ఇంట్లోనే. మిగతాది ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. తేనె తీసినవాడు వేలు నాకడా మరి.

అతను గోడ పట్టుకుని లేచి బల్ల దగ్గర నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి దూర్చి ఉన్నాయి. మొహాన ఓ వంకర నవ్వు.

ఇంకో ఇల్లాలైతే ఆ సీసా లాక్కుని పారబోసేది. అతని భార్య మాత్రం దగ్గరుండి పంచదార పళ్ళెం జరిపి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"గుర్తుందిగా," అంది. "రేపు మీ మేనేజర్ బార్‌కి రమ్మన్నాడు. ఆయన ముందు ఒక్క గ్లాసు, చుక్క ఒలక్కుండా కలిపి చూపించాలి. లేదంటే మీ చోట్లో ఆ కొత్తవాణ్ణి పెట్టేసుకుంటాడు."

"తె... తెలుసులే."

మాట ముద్దముద్దగా వచ్చింది. తెల్లారేసరికే మాట అలా తిరగడం లేదంటే రాత్రి ఎంత పట్టించి ఉంటాడో అని హెడ్‌మిస్ట్రెస్ ఆశ్చర్యపోయింది.

అతను నిమ్మకాయ కొయ్యబోయాడు. అది కత్తి కింద నుంచి జారి బల్ల దిగి వెళ్ళిపోయింది. రెండోది దొరికింది. ఆ చెక్కతో గ్లాసు అంచు తడిపి పంచదారలో దొర్లించాడు. అంచుకి అంటింది చిటికెడు, బల్ల మీద పడింది గుప్పెడు. చీమలకి ఇంత మంచి మనిషి మళ్ళీ దొరకడు.

"ఈ గ్లాసు కాస్త పట్టుకోవే."

"పట్టుకోను. రేపు బార్‌లో కూడా పెళ్ళాం పక్కన నిలబడుతుందా?"

అతను వోడ్కా సీసా మీద ఎడమచెయ్యి వేశాడు. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఆ చేత్తో కాదు. కుడిచేత్తో."

హెడ్‌మిస్ట్రెస్ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "విన్నారా? పొద్దున్నే తాగేది వోడ్కా. దానికి ఎడమచెయ్యి పనికిరాదట. ఎంత పద్ధతిగల కొంపో చూడండి."

వోడ్కా, నారింజ లిక్కర్, నిమ్మరసం, ఐసు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి షేకర్‌లో పడ్డాయి. కొన్ని షేకర్ పక్కన పడ్డాయి. మూత బిగించి, పొట్టకి ఆనించుకుని ఊపాడు. అతను దాన్ని ఊపుతున్నాడో, అది అతన్ని ఊపుతోందో చెప్పడం కష్టం.

వడగట్టేటప్పుడు సగం గ్లాసులోకి, సగం బల్ల మీదికి పోయింది.

భార్య గుడ్డ తీసి తుడిచింది. "మళ్ళీ."

రెండోసారి గ్లాసే దొర్లిపోయింది.

"మళ్ళీ."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "నా వల్ల... కాదు. కొత్తవాణ్ణే పెట్టుకోమను."

"సరే, ఆ మాట మీరే చెప్పండి." ఆవిడ మేనేజర్ నంబరు తీసి ఫోన్ అతని ముందు పెట్టింది. "కౌంటర్ వెనక నిలబడటం తప్ప నాకింకేం రాదని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. ఇప్పుడు అదీ రాదని చెప్పేస్తే ఓ పనైపోతుంది."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాగినవాళ్ళకి ఏడుపు తొందరగా వస్తుందని హెడ్‌మిస్ట్రెస్‌కి తెలుసు. అయినా ఎందుకో పంపు కట్టేసింది.

చాలాసేపు ఫోన్ వైపే చూసి, అతను దాన్ని పక్కకి నెట్టాడు.

"ఐసు వెయ్యి."

"మీరే వేసుకోండి."

వేసుకున్నాడు. కలిపాడు. ఊపాడు. షేకర్ ఎత్తి గ్లాసు మీదికి వంచాడు. సన్నటి ధార ఒకటి వణుకుతూ దిగింది. పంచదార అంచు దాకా వచ్చి ఆగింది. బల్ల మీద కొత్తగా ఒక్క చుక్క పడలేదు. అతను ఊపిరి బిగబట్టి, నిమ్మతొక్క ముక్కని అంచున నిలబెట్టాడు.

ఇద్దరూ ఎన్నాళ్ళుగానో పోట్లాడుకుని సర్దుకున్నవాళ్ళలా ఆ గ్లాసుని చూస్తూ కూర్చున్నారు.

తర్వాత భార్య దాన్ని తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. పొలమారింది. దగ్గుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"పులుపెక్కువైంది," అంది తుడుచుకోకుండా.

అతను ఆ వంకర నవ్వే నవ్వుతూ, ఏడుస్తూ, ఆవిడ వీపు నిమిరాడు.

"అయిపోయింది," అంది హెడ్‌మిస్ట్రెస్. "ఇన్నాళ్ళూ ఆయనొక్కడే అనుకున్నా. ఇప్పుడు ఆవిడా అందుకుంది. ఇద్దరూ కలిసి తాగి, కలిసి ఏడుస్తున్నారు. వేరే ఇల్లు చూడండి."

కిటికీ రెక్కలు రెండూ దడాలున మూసి గడియ పెట్టేసింది.

అందుకే అవతల భార్య ఫోన్‌లో చెబుతున్న మాట ఆవిడకి వినపడలేదు: "డాక్టరుగారూ, పక్షవాతం వచ్చాక మా ఆయన ఇవాళే మొదటిసారి కుడిచేత్తో గ్లాసు నింపారండీ."