సగం విన్న ఓడ

పిట్ట ముట్టలేదు.

జానయ్య పోయిన మూడో నాడు. ఊరవతల చెలకలో విస్తరి వేసి అన్నం, కోడికూర, ఆయనకిష్టమైన సర్వపిండి పెట్టి అందరూ దూరం జరిగారు. తుమ్మచెట్టు మీద కాకులు కూర్చునే ఉన్నాయి. ఒక్కటీ దిగదు.

"ముసలోని పాణం దేనిమీదనో ఉన్నది," అన్నాడు మేనమామ రాములు. "మాటియ్యి వెంకన్నా. కోరిక తీరుస్తనంటెనే పిట్ట ముడుతది."

వెంకన్న చేతులు జోడించాడు. "నాయినా, అమ్మను మంచిగ చూసుకుంట."

కాకులు కదల్లేదు.

"చెలక ఎవ్వలికీ అమ్ముకోను."

ఊహూఁ.

"మామకు ఓడ తప్ప ఇంకేం యాదికుండె?" అంది భార్య నిరోష.

నిజమే. జానయ్య వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ప్రయాణికుల ఓడ మీద వంటవాడు. యుద్ధం రాగానే ఆ ఓడను నేవీ తీసుకుంది. తెల్లటి ఓడకు బూడిద రంగు పూశారు. మెత్తటి పరుపులు పీకేసి మందుగుండు నింపారు. షోకు మనుషులు కుర్చీలేసుకుని గాలి పీల్చే జాగాలో ఫిరంగి బిగించారు. ఊళ్లో ఈ కథ వినని చెవి లేదు. కన్నకొడుకు మాత్రం ఫిరంగి దగ్గరికి రాగానే "ఇగ చాలు తీ నాయినా" అని లేచిపోయేవాడు. ఆ తర్వాత ఓడ ఏమైందో వెంకన్నకు ఈనాటికీ తెలియదు.



ఎండ ముదిరింది. పిట్ట ముట్టకుండా ఇంటికి పోతే తండ్రికి శాంతి ఉండదని వెంకన్న భయం.

అప్పుడే గట్టు మీద ఎవరో ముసలాయన రాములుకు కనిపించాడు. నెత్తిన తెల్లటోపీ, చేతిలో సంచి.

"కొత్త మనిషిని జూసి బెదురుతున్నయిరా కాకులు! ఆయనను పంపియ్యి."

వెంకన్న గబగబా పోయాడు. "ఎవరు కావాలె పెద్దాయనా?"

"జానయ్య కోసమొచ్చిన బేటా. పోయిండని ఇంటికాడ చెప్పిండ్రు." ముసలాయన చూపు విస్తరి మీదే ఉంది. "జర సేపు నిలబడి పోత. ఆయనా, నేనూ..."

"మాటలు తర్వాత. మీరుంటె పిట్ట దిగుతలేదు. దండం పెడత, పోండ్రి!"

అనుకున్నదానికంటే గట్టిగానే అరిచాడు.

ముసలాయన నొచ్చుకోలేదు. "నా వల్ల జానయ్య ఆగొద్దు. పోత," అని మెల్లగా రోడ్డెక్కాడు. నకిరేకల్ పోయే బస్సు ఆగి, ఆయనను ఎక్కించుకుని కదిలింది.

"ఇగ జూడు," అన్నాడు రాములు ధీమాగా.

అందరూ తుమ్మచెట్టు వైపే చూశారు. కాకులన్నీ ఒక్కసారే లేచాయి. లేచి, ఎటో పోయాయి.



వెంకన్న జేబులో తండ్రి సెల్లు మోగింది.

"జానయ్య చిచ్చా, నేను తాహేరాను, ఆత్మకూర్ నుంచి. మా అబ్బా చేరిండా?"

"నేను ఆయన కొడుకునమ్మా. అబ్బా అంటె ఎవరు?"

"లతీఫ్. మా నాయిన, తెల్లటోపీ పెట్టుకుంటడు. ఓడల పనిచేసినోళ్లు మా నంబర్ ఇచ్చిండ్రట, పోయిన వారం మీ నాయినే ఫోన్ చేసి ఏడ్చిండు. 'నేను పోయేలోపు నా ఇంట్ల ఒక్క పూట అన్నం తినాలె లతీఫ్' అని. తిన్నడా అన్నా?"

వెంకన్న సెల్లు చెవికి పెట్టుకునే గట్టు మీదికి ఉరికాడు. రోడ్డు మీద బస్సు కనిపించడం లేదు.

"అన్నా, మీకు దెల్వదా? ఓడ తగలబడ్డనాడు, వంటింట్ల చిక్కిన మీ నాయినను భుజానేసుకొని బయటికి తెచ్చింది మా అబ్బానే."