మనుబోతు ఎక్కిన కోతి

అది రౌద్రి నామ సంవత్సరం, నడి వేసవి. అడవిలో నీళ్లు ఒక్క మడుగులోనే మిగిలాయి. దానికి దారీ ఒక్కటే. కౌజుపిట్ట ముత్తమ్మ రోజూ పిల్లల్ని ఆ దారినే నడిపించుకు వెళ్లేది.

అక్కడి కోతులకు సవారీ పిచ్చి. కొత్తగా నేర్చినవాళ్లు ఒక వానాకాలం గడిచేదాకా దున్నపోతునే ఎక్కాలని పాత కట్టడి. ఆ ఏడు కోతిపెద్ద మనవడు గంతన్న గుర్రంలా ఉరికే మనుబోతునే ఎక్కుతానని మంకుపట్టు పట్టాడు.

"ఒప్పుకోకు పెద్దయ్యా," అంది ముత్తమ్మ. "వాడికింకా ఆపడం రాదు. దారిలో నా పిల్లలుంటారు."

"చెవి పట్టి లాగితే దున్న ఆగడం లేదా? ఇదీ అంతే. భయమైతే నీ పిల్లల్ని పొదలో దాచుకో పిన్నమ్మా," అన్నాడు గంతన్న.

"పొదలో దాహం తీరుతుందా నాయనా?"

కోతిపెద్ద మనవడి ముఖం చూశాడు. "ఒక్కసారికేలే, పోనీ," అన్నాడు.

మనుబోతు గాలిలా లేచింది. మలుపులో కౌజుపిల్లలు కనబడగానే గంతన్న దాని చెవి పట్టి లాగాడు. అది బెదిరి ఇంకా జోరుగా ఉరికింది. చెవి లాగితే ఆగేది దున్నేనని వాడికి అప్పుడు తెలిసింది.

గంతన్నకు మోకాలు గీరుకుపోయింది. ముత్తమ్మ పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.