మోగని డబ్బా

“స్క్రోల్ లాక్ ఎన్నిసార్లు కొట్టినావు?”

“రెండు సార్లన్నా.”

“అయితే ఇంకో కంప్యూటర్‌కు మారిపోయింటాది.”

“మారిందా లేదా అనేదే కదన్నా నేనడుగుతాండేది!”

జ్ఞానేశ్వర్ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్ల మీదికి విసిరాడు. కడపలో అతనిది కంప్యూటర్ల రిపేరు షాపు. విప్పిన తన ల్యాప్‌టాప్‌కు మళ్లీ మూత ఎప్పుడు పడుతుందా అని ఎదురుగా ఒకాయన గుటకలు మింగుతూ కూర్చున్నాడు. కమలాపురం నుంచి ఈ ఫోన్ పొద్దుటినుంచీ ఎన్నోసారో లెక్క తప్పిపోయింది.

కమలాపురంలో వీరభద్ర అనే వ్యాపారికి రెండు పసుపు గోదాములున్నాయి. ఒకటి ఊళ్లో, ఇంకొకటి ఎర్రగుంట్ల రోడ్డులో. రైతులు ఫోన్ చేస్తే, చోటున్న గోదాము పేరు చెప్పి వాళ్ల బస్తాలు రాసుకోవడం నాగశ్రీ పని. గోదాముకొక కంప్యూటర్. రెంటికీ కలిపి ఒకటే కీబోర్డు, ఒకటే తెర, మధ్యలో చిన్న స్విచ్ డబ్బా. స్క్రోల్ లాక్ మీట రెండుసార్లు టకటకా కొడితే ఒక కంప్యూటర్ పోయి రెండోది వస్తుంది. పాత డబ్బా కాలిపోతే, పోయిన ఆదివారం జ్ఞానేశ్వరే వెళ్లి కొత్తది బిగించి వచ్చాడు. సెలవు కాబట్టి ఆ రోజు ఆఫీసులో కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి ఈ ఫోన్లు.

“డబ్బా మీద దీపాలుంటాయి కదమ్మా. ఒకటో దీపం వెలిగితే ఊరి గోదాము, రెండోది వెలిగితే రోడ్డు గోదాము. ఇంతే కదా!”

“దీపాలొద్దన్నా. పాత డబ్బా మోగేది. ఊరి గోదాముకు ఒకసారి, రోడ్డు గోదాముకు రెండుసార్లు. దీన్ని గూడా అట్ల మోగేటట్టు చెయ్యి.”

“ఆ కీచుమనే మోత శానా తలనొప్పమ్మా. యాడ బిగించినా ముందు దాన్నే ఆపేస్తా. అందరూ బాగుందనే అంటారు.”

“అందరి సంగతి నాకెందుకు? నాకు కావాల.”

“ఎందుకు?”

“అడిగిన పని చేసేదానికి కారణం చెప్పాల్నా?”

నిజానికి మోత తిరిగి తెప్పించడం పెద్ద పనేం కాదు. ఇంకో మీట నొక్కమని ఫోన్లోనే చెబితే సరిపోయేది. కానీ ఆ మాట తీరుకు జ్ఞానేశ్వర్‌కు మండింది. కళ్లెదుట వెలిగే దీపాన్ని పట్టించుకోని మనిషికి మోత ఒకటి తక్కువైందా అనుకున్నాడు.

“సరే, ఇంకో ఉపాయం చేస్తా,” అన్నాడు.

షాపులో కూర్చునే, నెట్ ద్వారా ఆ రెండు కంప్యూటర్లలోకీ వెళ్లాడు. ఊరి గోదాము తెర మీద ఎర్ర పట్టీ, రోడ్డు గోదాము తెర మీద పచ్చ పట్టీ పెట్టాడు. ఎదురుగా ఉన్నాయన లేచి, సాయంత్రం వస్తానని సణుక్కుంటూ వెళ్లిపోయాడు.

“తెర పైన బారెడు పట్టీ పెట్టినానమ్మా. ఎరుపు ఊరిది, పచ్చ రోడ్డుది. చిన్నపిల్లోళ్లు గూడా తప్పు పోరు.”



“పట్టీలతో నాకు పని జరగదన్నా,” అంది నాగశ్రీ. “మోత పెట్టు.”

జ్ఞానేశ్వర్ ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు వీరభద్రే ఫోన్ చేశాడు.

“ఏమప్పా, ఏం డబ్బా బిగించినావు? పెద్ద ఈరన్న ట్రాక్టర్ నిండా పసుపేసుకొని రోడ్డు గోదాముకు పోతే, ఆడ ఆయన పేరే లేదు. ఊరి గోదాములో ఎక్కి ఉండాది. ఎండలో గేటు కాడ నిలబడి నా వంశాన్నంతా తిట్టినాడు.”

“డబ్బాలో లోపమేం లేదు సార్.”

“ఆ యమ్మి ఇన్నాళ్లూ ఒక్క బస్తా తప్పు రాయలేదు. డబ్బా మారినాకనే ఈ గోల. ఈ పొద్దే వచ్చి మీరిద్దరూ తేల్చుకోండి. తేలకపోతే డబ్బా అయినా పోవాల, ఆ యమ్మయినా పోవాల.”

జ్ఞానేశ్వర్ షాపు మూసి బస్సెక్కాడు. కిటికీలోంచి వడగాడ్పు మొహాన కొడుతుంటే, అనవలసిన మాటలన్నీ దారి పొడుగునా కూడబెట్టుకున్నాడు.

ఆఫీసు గుమ్మంలోకి వచ్చేసరికి ఒకమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కీబోర్డు మీద టకటకా కొడుతోంది. ఆమె ముందున్న మానిటర్ నల్లగా ఉంది. దాని స్విచ్చే వేయలేదు. కూడబెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

“బాగుంది తల్లీ! మానిటర్ ఆపేసి, పాటలు వింటా పని చేస్తాంటే పట్టీ యాడ కనపడతాది? దీనికోసం షాపు మూసుకొని ఈ ఎండలో నేను రావాల్నా?”

ఆమె ఒక ఇయర్‌ఫోన్ తీసింది.

“జ్ఞానేశ్వరన్నవా? పాటలు కాదన్నా. పనే వింటాండా.”

అతను మారు మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏం జారుతుందోనని భయం. గిర్రున బల్ల చుట్టూ తిరిగి వెళ్లి మానిటర్ స్విచ్ నొక్కాడు. తెర వెలిగింది. పైన బారెడు పచ్చ పట్టీ. ఇప్పుడేమంటావ్ అన్నట్టు దానిమీద వేలు పెట్టి నిలబడ్డాడు.

నాగశ్రీ తెర వైపు తిరగలేదు. అతని వైపూ తిరగలేదు. ఇందాక అతను నిలబడి అరిచిన గుమ్మం వైపే మొహం పెట్టి, ఓపిక చచ్చిన గొంతుతో అడిగింది.

“మాట్లాడవేందన్నా? ఈడిదాకా వచ్చినావు కదా, ఇప్పుడన్నా మోత పెడతావా లేదా?”

ఆమె తీసిన ఇయర్‌ఫోన్‌లోంచి కంప్యూటర్ గొంతు సన్నగా, తెర మీది రైతుల పేర్లూ బస్తాల లెక్కలూ చదువుతోంది. తెర మీది వేలు మెల్లగా కిందికి దిగింది.

నాగశ్రీకి చూపు లేదు.