బానెట్ ఎత్తితే

ఆవిడ రోజూలాగే కుర్చీని తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఆ గదిలో కుర్చీ పట్టే చోటు అదొక్కటే మరి. ఒకవైపు గోడ నిండా అద్దాల బీరువాలు, వాటి నిండా అరచేతిలో ఇమిడే కార్లు. మరోవైపు బల్ల. బల్లకీ గోడకీ మధ్య, పక్కకి జరగడానికి కూడా వీల్లేకుండా, బుల్లికార్లాయన.

వీధిలో అందరూ ఆయన్ని పిలిచే పేరు అదే. పెట్టెల్లో ప్లాస్టిక్ ముక్కలుగా వచ్చే కార్లను అతికించి, రంగులేసి, అసలు కారే చిన్నదైపోయిందా అన్నట్టు తయారు చేస్తాడు. పని చేస్తుండగా ఎవరైనా చూస్తుంటే మాత్రం ఆయనకి చెయ్యి ఆడదు. ఈవిడేమో వారం నుంచీ రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

అసలు ఈ పని ఒప్పుకోకూడదనే అనుకున్నాడు. ఆవిడ ఒక కారు పెట్టె, నాలుగు ఫొటోలు పట్టుకుని గుమ్మం ఎక్కిన రోజే “నాకు తీరదమ్మా” అనేశాడు. వంటగదిలోంచి వచ్చిన భార్య మొత్తం పాడు చేసింది.

“తీరకేం? పొద్దస్తమానం ఆ బొమ్మలతోనేగా మీ కాపురం!” అని దెప్పి, “మీరు చెప్పండి వదినగారూ” అంటూ ఆవిణ్ణి కూర్చోబెట్టింది.

ఆవిడ చెప్పింది. వాళ్ళ పాత కారు కొంటామని ఎవరో కబురు చేశారట. చూపించి వస్తానని భర్త కారేసుకుని వెళ్ళాడు. మనిషీ రాలేదు, కారూ రాలేదు. రెండేళ్ళయింది. పోలీసులు వెతికినంత వెతికి ఊరుకున్నారు.

“ఆయనకేమైందో తెలిస్తే తప్ప నాకు కంటి మీద కునుకు రాదు అన్నయ్యగారూ. అది నా ఖర్మ. పిల్ల మాత్రం నాన్న కారేదీ అని అడుగుతోంది. బొమ్మైనా చేతికిద్దామని వచ్చాను. పాత కార్లంటే మీరు ప్రాణం పెడతారట కదా. మా కారు ఎప్పుడైనా చూశారా?”

“లేదమ్మా. అలాంటి కారు ఒక్కసారి చూస్తే మరిచిపోతానా?”

భార్య అప్పటికే కళ్ళొత్తుకుంటోంది. ఇంక కాదంటే ఆ పూట ఆయనకి ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టవు. ఫొటోలు తీసుకుని దీపం పక్కన గోడకి గుచ్చాడు. మూడు బయటి నుంచి తీసినవి, ఒకటి బానెట్ ఎత్తి తీసింది.

తలుపులు, సీట్లు, చక్రాలు చకచకా అయిపోయాయి. ఇంతటితో వదిలేస్తుందిలే అనుకున్నాడు.

“ఇంజన్?” అందావిడ.

“ఇంజన్ ఎందుకమ్మా? బానెట్ మూసేస్తే ఎవరికి కనబడుతుంది?”

“మా అమ్మాయి ఎత్తి చూస్తుంది. వాళ్ళ నాన్న చేతులు ఎప్పుడూ అందులోనే ఉండేవి.”

పెట్టెలో వచ్చిన ఇంజన్ ఉత్త నల్లముద్ద. దాన్ని మోడల్ ఇంజన్‌గా చెయ్యాలంటే బోలెడు చాకిరీ. సన్నటి రాగితీగలకి రంగేసి స్పార్క్ ప్లగ్ వైర్లు చేశాడు. రబ్బరు చీల్చి ఫ్యాన్ బెల్టు చేశాడు. బ్యాటరీ కొసలకి సూదిమొనతో తెల్లటి చిలుము అద్దాడు.

“ఇంత కొత్తగా ఉండేది కాదండీ” అనేది ఆవిడ కుర్చీలోంచి.

నల్లరంగు పలచన చేసి, నూనె చెమర్చినట్టు మూలల్లోకి జార్చాడు.

“ఇంకా.”

ఆయనకి ఊపిరాడలేదు. జిగురు వాసన అనుకుని కిటికీ తెరవమని భార్యని కేకేశాడు. కిటికీ తెరిచే ఉంది. లేచి కాసేపు వీధిలోకి పోదామంటే కుర్చీ అడ్డం. పోనీ ఎలాగోలా అతికించి పంపేద్దామంటే చేతులు మాట వినలేదు. ఒక వైరు పక్క రంధ్రంలోకి పోతే దాన్ని అలాగే వదిలేద్దామనుకున్నాడు. అది కంట్లో నలుసులా పొడిచింది. పీకి, మళ్ళీ పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు చెయ్యకపోతే ఆయనకి తిండి సయించదు. అదే ఆయన జబ్బు.

చివరికి ఆవిడ ఉన్న సంగతి కూడా మరిచిపోయాడు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఆ సాయంత్రం ఇంజన్ని కార్లో కూర్చోబెట్టి, బానెట్ ఎత్తి, భూతద్దం ఆవిడ చేతికిచ్చాడు. పీడా వదిలిందనుకున్నాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. భార్య కూడా వచ్చి ఆవిడ భుజం మీంచి వంగింది.

“అబ్బ! ఆ గొట్టానికి రిబ్బను చూడండి వదినగారూ! జడకి వేసినట్టు పువ్వుముడి కూడా వేశారు. ఇన్నేళ్ళ కాపురంలో నా జడ ఎలా ఉందో చూసిన పాపాన పోలేదు ఈ మనిషి!”

వారం రోజుల్లో మొదటిసారి ఆయన నవ్వాడు. పని మెచ్చుకుంటే పొంగిపోవడం ఆయనకి చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

“రేడియేటర్ గొట్టం కారితే అలా ఏదో ఒకటి కడతారే. ఇలాంటిది ఒకటుంటేనే నడిచిన కారులా ఉంటుంది.”

“ఆకుపచ్చ రిబ్బనే ఎందుకు కట్టారన్నయ్యగారూ?” అడిగిందావిడ, భూతద్దంలోంచి తల తిప్పకుండా.

“ఫొటోలో అలాగే ఉందిగా” అన్నాడాయన, ట్వీజర్ తుడుచుకుంటూ.

ఆవిడ భూతద్దాన్ని బల్ల మీద పెట్టింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

“ఫొటోలు కారు కొన్ననాటివి అన్నయ్యగారూ. ఆ రిబ్బను ఆ రోజు ఆయన బయల్దేరబోతుంటే గొట్టం కారుతోందని, మా అమ్మాయి తన జడలోంచి ఊడదీసి కట్టింది.”