అద్దం బిళ్ల

"బోణీ చెయ్యి సాముయేలన్నా, నీ చెయ్యి మంచిది" అంటూ రాజమౌళి అరచేయి చాపి కళ్లు మూసుకున్నాడు.

రాత్రి చేవెళ్లలో ఆగిన బస్సు తెల్లారి పట్నం బయల్దేరే ముందు, కండక్టరు సాముయేలే రాజమౌళి హోటల్‌కు మొదటి గిరాకీ. చాయ్ తాగి ఇరవై పైసల బిళ్ల చేతిలో పెట్టాడు. రాజమౌళి దాన్ని కళ్లకద్దుకుని, చూడకుండానే గోడకు వేలాడే ఎర్రగుడ్డ సంచిలో వేశాడు. బోణీ బిళ్ల ముఖం చూస్తే దాని మీద ఆశ పుడుతుందని వాళ్ల నాయన పెట్టిపోయిన నియమం అది. సంచిలో పడ్డదంతా చిలుకూరు దేవునిది.

బోణీ తర్వాత వచ్చే ప్రతి బిళ్లనూ మాత్రం రాజమౌళి బొమ్మా బొరుసూ తిరగేసి చూసేవాడు. నిజాం కాలపు హాలీ సిక్కాలు, చిల్లు కాణీలు రేకుడబ్బా నిండా దాచాడు. నాణేల సంగతి తనకు తెలిసినట్లు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని గర్వం. ఆ గర్వానికి సాముయేలు ఎసరు పెట్టాడు.

ఒక సాయంత్రం ఆఖరు బస్సు దిగివచ్చి, బల్ల మీదున్న పేపరుకు ఎదురుగా తామరపువ్వున్న కొత్త ఇరవై పైసల ఇత్తడి బిళ్లను పట్టుకున్నాడు.

"జర దీంట్ల చూడన్నా. పేపరు మీది అక్షరాలు కనపడుతున్నయా?"

కనపడుతున్నాయి. 'తెలంగాణ బంద్' అని తలకిందులుగా, స్పష్టంగా. బిళ్ల మీది ఖాళీ జాగా అద్దంలా నల్లగా మెరుస్తుంటే, మధ్యలో పువ్వు తెల్లగా మంచు పట్టినట్లు ఉంది.

"టంకశాలల కొత్త అచ్చుకు మెరుగు పెడ్తరట. అది అరిగేలోపు పడ్డ నాలుగైదు బిళ్లలే గిట్ల వస్తయట. నా సంచిల దొరికితే నా పైసలేసి తీసుకున్న."

రాజమౌళి కడుపులో భగ్గుమంది. "ఏమున్నది? ఎవరో చింతపండు పెట్టి తోమిండ్రు" అన్నాడు.

"తోమితే గీతలు పడ్తయి కదన్నా."

ఆ సంగతి రాజమౌళికీ తెలుసు. అందుకే మంట ఇంకా ఎక్కువైంది.

అది మొదలు సాముయేలు వారానికొకటి తెచ్చి చూపించడం, రాజమౌళి పెదవి విరవడం, గిరాకీ పోయాక గల్లా అంతా కుమ్మరించి వెతుక్కోవడం. ఒక్కటీ దొరికేది కాదు. ఆ కోపం చాయ్ మీద చూపించేవాడు. పంచదార తగ్గింది.

"మనిషి మంచోడు. ఆయన మీద ఎందుకయ్యా గంత కుళ్లు?" అంది భార్య శకుంతలమ్మ.

"కుళ్లేంది? నాకేం తక్కువ?" అన్నాడు గానీ, ఆ రోజు అన్నం సహించలేదు.

ఉండబట్టలేక ఒకరోజు సాముయేలునే అడిగాడు. "గా బిళ్లలన్ని ఏం చేస్తున్నవ్?"

"నా దగ్గరేం ఉంచుకోనన్నా. ఇలువ తెలిసినోళ్లకు ఇచ్చేస్త."

ఎవరికని అడగడానికి నోరు రాలేదు. అడిగితే చిన్నతనం కదా! తర్వాత మొయినాబాద్‌లో సామాను కొనడానికి పోయినప్పుడు, బట్టల దుకాణం జనార్దన్ చేతిలో సాముయేలు ఏదో పెట్టి, ఇద్దరూ నవ్వుకోవడం కళ్లారా చూశాడు. ఇంకేముంది? తన హోటల్లో చాయ్ తాగి, ఆ బట్టలోడికి అద్దాల్లాంటి బిళ్లలు! హాలీ సిక్కాకూ గుండీకీ తేడా తెలియని మనిషికి!

ఇంతలో ఉద్యమం ముదిరింది. బంద్ మీద బంద్, బస్సులు ఆగిపోయాయి. సాముయేలు తన ఊరు ముడిమ్యాలలో ఇంటి పట్టునే ఉండిపోయాడు. చేతిలో పని లేని రాజమౌళికి ఆ బిళ్లలే కళ్ల ముందు ఆడసాగాయి. చివరికి సైకిలెక్కి చిలుకూరు పోయాడు. హుండీ ముందు ఎర్రగుడ్డ సంచి విప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, మొత్తం గలగలా కుమ్మరించాడు.

"స్వామీ! నీది నీకు ముట్టజెప్పిన. నాకు ఒక్క అద్దం బిళ్ల ఇప్పియ్యి. గా జనార్దన్‌కు మాత్రం ఇంకొక్కటి కూడ దొరకనియ్యకు."

కడుపు మంట కాస్త చల్లారి, తేలిగ్గా ఇంటికొచ్చాడు.

బస్సులు మళ్లీ నడిచిన పొద్దున సాముయేలు వచ్చి కూర్చున్నాడు. అతన్ని చూడగానే రాజమౌళి ఇన్నాళ్ల బింకం తెగిపోయింది.

"ఏమన్నా, రోజూ చాయ్ పోసేటోన్ని నేను. బిళ్లలేమో మొయినాబాద్ జనార్దన్‌కా? నాకొక్కటియ్య నీకు చేతులు రాలేదా?"

సాముయేలు తెల్లబోయాడు. "జనార్దన్‌కా? లుంగీ కొన్న, పైసలిచ్చిన. ఆయనకు బిళ్లలెందుకిస్త?"

"మరెవరికిచ్చినవ్?"

"నువ్వు ఒక్కనాడన్న బాగున్నదని అనకపోతివి. అయినా ఈ ఇలాకాల నీకంటే తెలిసినోళ్లు లేరని అన్నీ నీకే ఇచ్చుకుంట వచ్చిన. పోగేసి పెట్టుకుని మళ్ల నన్ను అడుగుతవేందన్నా?"

"నాకా? నాకెప్పుడిచ్చినవయ్యా?"

"అన్నీ నీ బోణీల కిందనే ఇచ్చిన కదన్నా!"